ముక్కుపురుగు మీసం

ఇరాక్ సైన్యం కువైట్‌ని పట్టుకున్నప్పుడు నేనూ మా ఆవిడా అక్కడ సాల్మియా పేటలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేను ఒక కంపెనీలో ఇంటి ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆఫీసు మూతపడింది. నా వీసాకి పూచీ ఉన్న యజమాని, కఫీల్, సౌదీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో బాస్మతి బస్తా ఒకటీ, సంతలో కొన్న పాత బొమ్మల పుస్తకం ఒకటీ మిగిలాయి.

ఆ పుస్తకం నూట యాభై ఏళ్ళ కిందటిది. పేజీకో మొక్క, దాన్ని తినే పురుగు. గుడ్డు దగ్గర్నుంచి రెక్కలొచ్చేదాకా అన్ని దశలూ ఆ కొమ్మ మీదే. రాగిరేకు మీద చెక్కి అచ్చువేశాక, ఆడవాళ్ళు వరసగా కూర్చుని ప్రతి కాపీకీ చేత్తో రంగులు అద్దేవారట. రోజంతా పనిలేక నేనూ అలాంటి బొమ్మ ఒకటి వేద్దామనుకున్నాను. పురుగు కోసం వెతుక్కోనక్కర్లేదు, బియ్యం నిండా ముక్కుపురుగులే.

మా ఆవిడ చేట పట్టుకునేసరికి నేను భూతద్దంతో అడ్డుపడేవాణ్ణి. చివరికి ఒప్పందం కుదిరింది. పదకొండింటిదాకా బియ్యం నావి, తర్వాత ఆవిడవి. పురుగు కదలకుండా ఉండాలని అగ్గిపెట్టెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. పెరుగు గిన్నె పక్కన అది కనబడిన రోజు ఆవిడ నాతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, బొమ్మలో రంగు పాలిపోయి ఉందని, కాఫీ డికాక్షన్‌లో చిటికెడు పసుపు కలిపి తనే అద్దింది. పురుగు మీసం నేను తిన్నగా గీశానని, అది మధ్యలో వంగి ఉన్నట్టుందని, మళ్ళీ చూడమంది. గీతల సంగతి నాకొదిలెయ్యమన్నాను.

ఓ ఉదయం ఇద్దరు సైనికులు సోదాకి వచ్చారు. పెద్దవాడు డ్రాయింగు బోర్డు దగ్గర ఆగిపోయాడు. ఏ రహస్య ప్లానో అనుకుంటాడేమోనని భయమేసింది. అతను వంగి చూసి "సూస్" అన్నాడు. అరబ్బీలో ముక్కుపురుగు. నాకొచ్చిన కాస్త అరబ్బీతో అర్థమైందేమిటంటే, పటాలంలోకి లాక్కురాకముందు అతను ధాన్యం గోదాములో పనిచేసేవాడట. తర్వాత బొమ్మలో మీసం మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. తన చెయ్యి చాపి, మోచేతి దగ్గర మడిచి చూపించాడు.

"చెప్పానా?" అంది మా ఆవిడ తలుపు చాటునుంచి.

భయం ఎటు పోయిందో, నాకు రోషం వచ్చింది. అగ్గిపెట్టె, భూతద్దం తెచ్చి అతని చేతిలో పెట్టాను. మా ఆవిడా వచ్చి చేరింది, ముగ్గురం వంతులేసుకుని చూశాం. ఈలోగా రెండోవాడు మా టేప్‌రికార్డరు చంకన పెట్టుకున్నాడు. అదేమిటని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మీసం నిజంగానే వంగి ఉంది.

వాళ్ళు వెళ్ళాక కొత్త కాగితం మీద మళ్ళీ గీశాను.

నెల తర్వాత బస్సులో బస్రా మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కి బయల్దేరాం. పుస్తకం బరువని వదిలేశాం. చాలా దూరం దాని గురించే బాధపడ్డాను. బొమ్మని మాత్రం మా ఆవిడ చీర మడతల్లో దాచి తెచ్చింది. అక్కణ్ణుంచి విమానంలో ఇండియా చేరాక, విజయవాడలో దాన్ని చూసి, పంట చీడల మీద పుస్తకం రాస్తున్న ఒక ప్రొఫెసరు మాకు పని ఇచ్చాడు. గీతలు నావి, రంగులు ఆవిడవి. తెగులు సోకిన వరి ఆకు పసుపు ఎంత ఉండాలో చూసుకోవడానికి ఆవిడే పొలాలకు వెళ్ళేది. గొడుగు పట్టడానికి నన్ను తీసుకెళ్ళేది.