చారల చేపలకు రెండు పేర్లు

అనంతపురంలో చేపలమ్మే అతను ఆ చారల చేపల జతను ప్లాస్టిక్ సంచిలో పోసి ఇస్తూ, వీటిని కాన్విక్ట్‌లు అంటారని చెప్పాడు. పాతకాలంలో విదేశాల్లో ఖైదీల బట్టలకు ఇట్లాంటి నల్లచారలే ఉండేవట. కళ్యాణదుర్గంలో మా ఇంటికి చేరేసరికి అవి ఖైదీలైపోయాయి. అప్పటికే మా అక్వేరియంలో జానెడు పొడవున్న ఆస్కార్ చేప ఒకటి ఉండేది. పొద్దున్నే టీ తాగుతూ మా అమ్మ, "ఖైదీలకు మేత ఏసినారా?" అని అడిగేది. మాకది మామూలు మాటే.

ఆ ఏడు మా మేనమామ జైలు నుంచి విడుదలవుతున్నాడని కబురొచ్చింది. అమ్మకు తమ్ముడు. గుమ్మఘట్ట దగ్గర వాళ్ళ ఊళ్ళో పొలం గట్టు విషయమై రెండు ఇళ్ళవాళ్ళు కొట్టుకున్నారు. ఒక మనిషి చనిపోయాడు. కొట్టింది మామేనని కోర్టు తేల్చింది. శిక్ష పడినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆయనకు పెళ్ళి కాలేదు, ఊరికి పోలేడు, మా ఇంటికే రావాలి. ముందురోజు అమ్మ నన్నూ నా భార్యనూ వంటింట్లోకి పిలిచింది.

"వాడు ఉండంగా ఆ పేరు ఎవురూ అనొద్దండి. చేపలకు ఇంగో పేరు ఏమన్నా పెట్టు" అంది.

కొత్తగా పెట్టాల్సిన పని లేకపోయింది. వాటికి జీబ్రా అనే పేరు కూడా ఉంది. ఆ రోజంతా ముగ్గురం జీబ్రా, జీబ్రా అని నోటికి అలవాటు చేసుకున్నాం.

మామ ఒక చేతిసంచితో వచ్చాడు. మాట తక్కువ. లేవగానే దుప్పటిని అంచుకు అంచు కలిపి మడిచి గోడవార పెట్టేవాడు. కూర్చోమని చెబితే తప్ప కుర్చీలో కూర్చునేవాడు కాదు. అది చూసి అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చేది. నేను మా మందుల షాపు నుంచి భోజనానికి వచ్చేసరికి ఆయన అక్వేరియం ముందు నేలమీద కూర్చుని ఉండేవాడు.

"వీటిని తింటారా అల్లుడా?" అని మొదటిరోజే అడిగాడు. తినం, చూడటానికే అన్నాను. "చూసేదానికి ఇన్ని నీళ్ళా, ఈ ఊర్లో?" అన్నాడు. ట్యాంకరు కోసం వీధి చివర బిందెలు వరసబెట్టే రోజులవి. తీసేసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోస్తామని చెప్పాను. తల ఊపాడు గానీ ఒప్పుకున్నట్టు కనిపించలేదు.

కొన్నాళ్ళకు చారల జత పగిలిన పూలకుండీ లోపల గుడ్లు పెట్టింది. అప్పటి నుంచి అక్వేరియం మొత్తం వాటిదే. వేలంత చేపలు రెండూ చెరోవైపు నుంచి వచ్చి ఆస్కార్ రెక్కలు కొరికేవి. అంత పెద్ద చేప ఫిల్టర్ గొట్టం వెనక్కి చేరి, ఒక పక్కకు ఒరిగి నిలబడేది. మేతకు కూడా బయటికి వచ్చేది కాదు. దాని తోక పీలికలైంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ అందరికీ సంగటి పెడుతూ అటు చూసి అనేసింది.

"ఈ ఖైదీలు ఆ పెద్దదాన్ని సంపేతట్టుండాయి."

నా భార్య గరిటె పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. మామ ముద్ద మింగి, "దేన్నక్కా అంటాండావు?" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక దాచేదేముందని, అసలు పేరు సంగతీ జీబ్రా సంగతీ నేనే చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళి, అక్వేరియం గాజు మీద చెయ్యి ఆనించి వంగి చూశాడు.

"మాకు చారలు యాడివి? తెల్లగుడ్డలే" అన్నాడు. కోపం లేదు, నవ్వూ లేదు. తర్వాత అడిగాడు. "ఆ పెద్దది ఏం చేసిందని?"

"ఏం చేయలేదు మామా. ఆడ ఉండాది, అంతే."

ఆయన గాజు మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఆయప్పా అంతే. గట్టు మీద నిలబడుకోని ఉన్న్యాడు. కొట్లాట ఆపేకి వచ్చినాడో, ఊరికే చూసేకి వచ్చినాడో, నాకు ఇప్పటికీ తెలీదు."

చనిపోయిన మనిషి గురించి ఆయన మా ఇంట్లో మాట్లాడటం అదే మొదలు. సంగటి చల్లారిపోయింది.

సాయంత్రం, నీళ్ళు నిలవచేసుకునే టబ్బు ఒకటి ఇవ్వమని ఆయనే నా భార్యను అడిగాడు. ఆమెకు ఇష్టం లేకపోయినా ఇచ్చింది. ఆస్కార్‌ను అందులోకి మార్చాం. అది కాస్త కోలుకున్నాక చేపల షాపుకు తిరిగిచ్చేద్దామనుకుంటే, మామ తాను పోయొస్తానన్నాడు. మా ఇంటికి వచ్చాక అప్పటిదాకా ఆయన ఒంటరిగా ఎక్కడికీ పోలేదు. మూతకు చిల్లులు పెట్టిన పెయింట్ డబ్బాలో చేపను పెట్టుకుని అనంతపురం బస్సెక్కాడు. తిరిగొచ్చేదాకా అమ్మ వాకిట్లోనే కూర్చుంది.

షాపతను ఈ చారల చేపల జాతివన్నీ చూపించాడట. ఎర్రగా ఉన్న ఒకదాని పేరు దయ్యమట. పల్చటి రెక్కలు సాచుకుని పోయేదాని పేరు దేవతట.

"ఆ దేవత గూడా గుడ్లు పెడితే కరుస్తాదంట" అని చెబుతూ కొంచెం నవ్వాడు.

మా ఇంట్లో మాత్రం, ఆస్కార్ లేకపోయేసరికి మగచేప ఆడచేప మీద పడింది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు కొన్నాళ్ళు గుంపుగా తిరిగి, మెల్లగా కనిపించకుండా పోయాయి. పెద్దవే తినేసి ఉంటాయని, అది మామూలేనని షాపతను ఫోన్లో చెప్పాడు. చివరకు మధ్యలో గాజుపలక పెట్టి రెండింటినీ వేరు చేశాను.

మామ శెనక్కాయల మిల్లులో కాపలా పనికి కుదిరాడు. వానలకు ముందు ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఊరికి పోయొచ్చాడు. చనిపోయిన మనిషి ఇంటికే పోయాడని తర్వాత బంధువుల ద్వారా అమ్మకు తెలిసింది. ఆ మనిషి భార్య తలుపు తీసి గుర్తుపట్టిందట. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మామ వాకిట్లో కాసేపు నిలబడి వచ్చేశాడట. అమ్మ ఈ సంగతి నాకు చెప్పింది గానీ ఆయన్ను అడగలేదు. తెలిసిన రోజు ఆయనకని రోట్లో ఊరిబిండి పచ్చడి నూరింది. ఆయన ఇంకొంచెం వేయమని అడిగి తిన్నాడు.