గోడ మీద పడిన ఎండ

నిన్న సాయంత్రం ఐదూ ఇరవైకి మా వంటింటి తలుపు చిల్లులోంచి ఎండ వచ్చి ఎదుటి గోడ మీద రూపాయి బిళ్ళంత గుండ్రంగా పడింది. పాత తలుపు, మేకు ఊడిన చిల్లు. రోజూ పడుతూనే ఉండి ఉంటుంది. నేను నిన్ననే చూశాను. చూసి చెయ్యి అడ్డం పెట్టాను.

మా పెదనాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు, బడి అయ్యాక పత్తి రైతు. సూర్యగ్రహణం వస్తే పురుగుమందు అట్టపెట్టెకు సూదితో చిల్లు పొడిచి, ఎండను గోడ మీద పట్టి వీధిలో వాళ్ళందరికీ చూపించేవాడు. విడిచాక బావి దగ్గర తలస్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టేవాడు. ఆ రెంటికీ ఆయనలో ఎప్పుడూ తగాదా రాలేదు. "ఏవండీ, ఇంతకీ రాహువు మింగినట్టా, లేనట్టా?" అని పెద్దమ్మ దెప్పితే, "మింగాడు, అరక్క కక్కేశాడు. నీళ్ళు తోడు," అనేవాడు.

తొంభైల చివర్లో ఒక గ్రహణం నాటికి ఆయన కూతురు, మా అక్క, ఏడో నెల కడుపుతో పుట్టింట్లో ఉంది. పెద్దమ్మ ఆమెను గదిలో కదలకుండా పడుకోబెట్టి కిటికీకి దుప్పటి కట్టింది. బయట మా నవ్వులు విని అక్క, "నాన్నా, అందరూ చూస్తున్నారు, నేనేం పాపం చేశాను?" అంది. "గోడ మీద బొమ్మేగా, రామ్మా," అన్నాడాయన. "ఒద్దండీ, మీకు దణ్ణం పెడతాను," అంటూ పెద్దమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆయన ఆమె చెయ్యి పక్కకు తీసి, అక్కను తెచ్చి గోడ ముందు నిలబెట్టాడు. అట్ట పట్టుకున్నది నేనే. కొరికిన అప్పడంలా ఉందని అక్క నవ్వింది.

ఆడపిల్ల పుట్టింది. పై పెదవీ అంగిలీ చీలి ఉన్నాయి. మావైపు దానికున్న పేరే గ్రహణం మొర్రి. పెదవి కలవాల్సింది మూడో నెల లోపేనని, ఆ చీలిక గ్రహణానికి చాలా ముందటిదని పెదనాన్న పుస్తకం తెచ్చి చూపించాడు. పెద్దమ్మ శ్రద్ధగా విన్నది. "మీరు చెప్పింది నిజమేనండీ. కానీ రమ్మన్నది మీరేగా," అంది. బరువు పెరిగితే ఆపరేషన్ చేస్తామన్నారు గుంటూరు డాక్టర్లు. పిల్ల పాలు చప్పరించలేకపోయేది. మా చేలో పత్తినే వత్తి చేసి, పాలలో ముంచి, ఆయనే చుక్కచుక్కగా నోట్లో పిండేవాడు. సగం ముక్కులోంచి వచ్చేసేవి. ముప్పై ఎనిమిదో రోజున ఊపిరితిత్తుల్లోకి పాలు పోయి పిల్ల చనిపోయింది. అప్పుడూ వత్తి ఆయన చేతిలోనే ఉంది.

చాలా రోజుల తర్వాత చేను గట్టు మీద నన్ను అడిగాడు. "ఒరేయ్, ఆ రోజు అక్కను లోపలే ఉంచినా ఇలాగే పుట్టేదిగా?"

"ఇలాగే పుట్టేది పెదనాన్నా."

"బళ్ళో పిల్లలకి నేనూ అదే చెబుతానురా. నాకు నేను చెప్పుకుంటేనే నమ్మకం కుదరట్లా."

ఆ తర్వాత వచ్చిన గ్రహణం పూట ఆయన చేలో మందు కొడుతూ ఉండిపోయాడు. తల ఎత్తి చూడలేదు. ఇంటికొచ్చి స్నానం చెయ్యకుండానే అన్నం తిన్నాడు. పెద్దమ్మ వడ్డించింది. దేవుడి దగ్గర దీపం లేదు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. గ్రహణాలు పంచాంగంలో వేసిన వేళకే, ఆయన బళ్ళో నల్లబల్ల మీద చెప్పిన లెక్క ప్రకారమే వచ్చి పోతున్నాయి. మా ఇంట్లో ఇప్పుడు గ్రహణం ఎవరూ చూడరు. విడుపు స్నానమూ ఎవరూ చెయ్యరు.