తలుపు దగ్గర ఒక మంచం ఎక్కువ

పోయిన నెల ఒక ఆదివారం, ఆరాధనకు గంట కొట్టే వేళకు, మా ఆఖరి తమ్ముడు ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాడు. ఏలూరులో మా ఇంట్లోనే, ముందు గదిలో వేసిన మడత మంచం మీద. నేను చర్చికి చీర మార్చుకుని వచ్చి "వెళ్లొస్తానురా" అన్నాను. పలకలేదు. నిద్రపోతున్నాడనుకుని గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాను.

వాడి కోసం పెట్టిన ఆదరణ కూడికలో చాలామంది లేచి మంచి మాటలు చెప్పారు. "ఆఖరి రోజుల్లో అక్కగారు తల్లిలా చూసుకున్నారండీ" అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అది వినయమనుకున్నారు. సిగ్గుతో వంచిన తల అది. అందుకే మీకు ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మేం కొల్లేటి లంకలో పుట్టాం. ఇంటికి నేను పెద్దదాన్ని. వాణ్ణి చంకనేసుకు తిప్పింది నేనే. నా పెళ్లయి ఏలూరు వచ్చేశాక వాడు చదువుకుని, తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనికి కుదిరాడు. పెళ్లి చేసుకోలేదు. మార్కెట్ యార్డు వెనక ఒక గదిలో ఉండేవాడు. ఎప్పుడొచ్చినా చొక్కాకు ఉల్లిపాయల వాసన ఉండేది. పని అయ్యాక గదికెళ్లి ల్యాప్‌టాప్‌లో ఒక ఆట ఆడుకునేవాడు. నలభై దాటిన మనిషికి ఆటలేమిటని నాకు చిన్నతనంగా ఉండేది. నేను సండేస్కూలు టీచర్ని. చర్చిలో ఎవరైనా "తమ్ముడుగారు ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తారండీ?" అని అడిగితే "ఏదో కంప్యూటర్ పనండీ" అని మాట మార్చేదాన్ని.

కిందటేడు వాడికి గుండె బలహీనంగా ఉందని తేలింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఒంటరిగా ఉండకూడదన్నారు. వాడు నాకు ఫోన్ చేశాడు.

"పెద్దక్కా, కొన్నాళ్లు మీ ఇంట్లో ఉండనా?"

"ప్రార్థన చేసుకుని చెబుతాను నాన్నా" అన్నాను.

మన సంఘాల్లో ఈ మాట ఎంత తేలికగా అనేస్తామో మీకు తెలియనిది కాదు. సంబంధం నచ్చకపోయినా, పిలిచిన చోటికి వెళ్లాలని లేకపోయినా, ప్రార్థన చేసుకుని చెబుతామంటాం. దానికి ఎవరూ ఎదురు చెప్పరు. నేను ప్రార్థన చేయలేదు. వాడు మా ముందు గదిలో ఆ ఆట ముందేసుకుని కూర్చుంటే వచ్చేపోయే సంఘస్థులకు ఏం చెప్పుకోవాలా అని ఆలోచించాను. అలా ఆలోచిస్తుండగానే వారం గడిచింది. వారమంతా వాడు ఆ గదిలో ఒక్కడే, హోటలు పార్సిళ్లు తింటూ నా కబురు కోసం చూశాడు. చివరికి మావారితో చెప్పాను. ఆయన పేపరు దించి "ఇది అడగాల్సిన విషయమా?" అన్నారు. ఆ పూటే రైలెక్కి వెళ్లి తీసుకొచ్చారు.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "బావగారు నా బ్యాగు నన్ను మొయ్యనివ్వలేదక్కా" అని మాత్రం అన్నాడు.

మొదటిసారి పాస్టరమ్మగారు వాణ్ణి చూడటానికి వచ్చినప్పుడు నేను గబగబా ల్యాప్‌టాప్ మీద టవలు కప్పాను. వాడు చూశాడు. ఆ తర్వాత గేటు చప్పుడైతే చాలు, వాడే మూత దించి టవలు కప్పేసేవాడు. నాకు ఆ పని తప్పించినందుకు అప్పట్లో హాయిగా అనిపించింది కూడా.

ఒక వానరోజు మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వాడి పక్కన కూర్చున్నాను.

"ఏముందిరా ఇందులో?"

"ఓడ పగిలి ముగ్గురు మనుషులు ఎవరూ లేని చోట పడ్డారక్కా. వాళ్లు బతకాలి. అంతే."

"చంపుకోవడాలు లేవా?"

"ఉన్నాయి. కానీ ఎక్కువమందిని చంపేది ఆకలే." తెర మీద ఖాళీ నేల చూపించి, "వరదొచ్చినప్పుడు మనం గట్టు మీద మొదలెట్టలేదూ? అదే ఇది" అన్నాడు.

గట్టు నాకు బాగా గుర్తు. నీళ్లు ఇంట్లోకి వస్తే లంకంతా రోడ్డు గట్టు ఎక్కేది. అమ్మ ముందు బియ్యం డబ్బా రెండు ఇటుకల మీద పెట్టి పైన పరదా కట్టేది. ఆ తర్వాతే మమ్మల్ని దాని కిందకు రమ్మనేది. వాడు అప్పుడు మరీ చిన్నవాడు. అయినా మర్చిపోలేదు.

"నువ్వు మొదలెట్టు పెద్దక్కా" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. నేను అన్నిటికంటే ముందు ఒక మందిరం కట్టించాను. దేవుడి పని ముందు కావాలి కదా. రాతి గోడలు, నున్నటి నేల. ఆ ముగ్గురూ రాళ్లు మోస్తూనే ఉన్నారు. తిండిగింజలు ఆరుబయట పడి వానకు కుళ్లిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు నీరసించి పడిపోయారు.

"మందిరం చాలా బాగుందక్కా" అన్నాడు వాడు. "ప్రార్థన చేసేవాళ్లే మిగల్లేదు."

ఇద్దరం నవ్వాం. వాడికి ఆయాసం వచ్చేదాకా నవ్వాం.

తర్వాత ఓపిగ్గా నేర్పాడు. "మొదటి రోజు అందం చూడకు. గింజ తడవకూడదు, మనిషి తడవకూడదు" అనేవాడు. "వంట చేతనైనవాడి చేత చెట్లు కొట్టించకు" అనేవాడు. "ముగ్గురుంటే నాలుగు మంచాలు వెయ్యి. తలుపు దగ్గర ఒకటి ఎక్కువ ఉండాలి."

"ఎందుకురా?"

"ఎవరో ఒకరు వస్తారు."

నా రెండో ఊరు నిలబడింది. వరి మొలకలు కూడా వచ్చాయి. అప్పుడు తెర మీద ఏదో కబురు వచ్చింది. దెబ్బలు తగిలిన మనిషి ఒకడు పొలిమేరలో నిలబడి చోటు అడుగుతున్నాడని వాడు చదివి చెప్పాడు. రమ్మంటే ఒకటి నొక్కాలి, వద్దంటే ఇంకొకటి.

"రమ్మను, పాపం" అని నేనే నొక్కేశాను.

"అదేంటక్కా, గింజలు చూసుకోవా? వాడు పని చెయ్యలేడు. మంచాన పడి ఉంటాడు."

"చూసుకునేదేముందిరా, మనిషి వచ్చి నిలబడి అడుగుతుంటే?"

వాడు తెర వైపే చూస్తూ, "ప్రార్థన చేసుకోవా?" అన్నాడు నెమ్మదిగా.

ఎత్తిపొడుపు కాదు. చిన్నప్పుడు నా జడ లాగి పారిపోయేటప్పటి నవ్వే అది. తప్పయింది నాన్నా అనాలి. "అన్నం మాడుతోందేమో" అని లేచి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద ఏమీ లేదు. వంటగట్టు పట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి ముందు గదిలోంచి వాడే పిలిచాడు. "రా అక్కా. నీ మనిషి వచ్చేశాడు. తలుపు దగ్గర మంచం మీద పడుకోబెట్టాను."

వెళ్లి మళ్లీ వాడి పక్కన కూర్చున్నాను. ఆ మాట మా మధ్య ఇంకెప్పుడూ రాలేదు. నేనూ ఎత్తలేదు. రేపు చెబుదాం, ఓపిక వచ్చాక చెబుదాం అనుకున్నాను. టవలు కూడా తీసేయలేకపోయాను. వాడు పోయేనాటికి కూడా అది ల్యాప్‌టాప్ మీదే ఉంది.

కూడిక అయిన మర్నాడు పాస్టరమ్మగారు, ఇంకో ఇద్దరు అమ్మలు వచ్చారు. మడత మంచం ఇంకా తీయలేదు. దాని పక్కనే కూర్చున్నారు. మాటల్లో ఒకావిడ "అదేంటండీ, టవలు కింద?" అని అడిగారు.

"మా తమ్ముడి గేమ్ అండీ" అన్నాను. "రోజూ ఆడుకునేవాడు. నాకూ నేర్పాడు."

టవలు తీసి మడిచి పక్కన పెట్టాను. మూత తెరిచాను. వాడు ఆపిన చోటే ఊరు ఆగి ఉంది. నడిపించాను. చిన్న చిన్న మనుషులు కదిలారు. అప్పుడు వచ్చిన గాయాలవాడు కోలుకుని వరి కోస్తున్నాడు. అతనికి లోపల వేరే మంచం ఉంది. తలుపు దగ్గర మా తమ్ముడు ఎప్పుడు వేశాడో, కొత్త మంచం ఇంకొకటి, పక్కన వెలుగుతున్న దీపం.

పాస్టరమ్మగారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"ఆ ఖాళీ మంచం ఎవరికండీ?"

"ఎవరో ఒకరు వస్తారండీ" అన్నాను.