హన్మమ్మ చేనులో మెత్తబండ

గట్టు మండలంలో హన్మమ్మ అంత భయస్తురాలు ఇంకొకరు ఉండరు. మబ్బు పడితే పిడుగు పడుతుందేమోనని, పట్టకపోతే పైరు ఎండిపోతుందేమోనని ఆమెకు ఎప్పుడూ గుండె దడే. భర్త మొగులయ్య నిమ్మళంగా బీడీ ముట్టించుకుని కూర్చుంటాడు గనక, ఇద్దరి వంతు దిగులూ ఆమే పడుతుంది. వాళ్ళకున్నదల్లా ఊరవతల మిట్ట మీది మూడెకరాల చెలక. ఆముదం, కంది, వానలు కరుణిస్తే వేరుశనగ. ఆ చెలక నడుమ నల్లపచ్చని బండలు కొన్ని, తలకింద పెట్టుకునే మెత్తలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఊరంతా వాటిని మెత్తబండలంటారు. నాగలి కర్రు వాటికి తగిలినప్పుడల్లా మొగులయ్య తిట్టే తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

రెండువేల ఆరులో, ఆముదం గెలలు వేస్తున్న రోజుల్లో, ఒక పొద్దున హన్మమ్మ చేనుకు పోయేసరికి పెద్ద మెత్తబండ మీద పసుపుపచ్చ రంగుతో బాణం గుర్తు, పక్కన ఏవో అంకెలు కనిపించాయి. అంతకు ముందు ఏడు చెల్లెలు నీలవేణి చేనులోనూ ఇలాగే బండకు రంగు పూశారు. ఎత్తిపోతల కాలువ సరిగ్గా ఆ రంగు మీదుగానే వచ్చింది. నీలవేణి ఇప్పుడు గద్వాలలో ఒక మగ్గాలాయన ఇంట్లో కండెలు చుట్టుకుని బతుకుతోంది.

"చేను పోతున్నదయ్యా!" అంది ఇంటికి ఉరికొచ్చి.

"ఎవలన్నరు?"

"బండకు రంగేసిండ్రు. ఇంకెవలనాలె?"

"ఏసిండ్రు తియ్యి. చూద్దాం" అన్నాడు మొగులయ్య, బీడీ తీయకుండానే.

చూద్దాం అన్నవాళ్ళ చేలన్నీ ఏమయ్యాయో హన్మమ్మకు తెలుసు. ఆమె కంటి మీద కునుకు లేదు. నీలవేణి ఊళ్ళో కాలువ ఒక్కచోట మాత్రం వంకర తిరిగింది. అక్కడ పోచమ్మ గుడి ఉంది. ఆ సంగతి గుర్తొచ్చాక హన్మమ్మ ఇక ఆగలేదు. తెల్లారగానే సున్నం, పసుపు, కుంకుమ, వేపమండలు గంపలో పెట్టుకుని పోయింది. రంగు కనబడకుండా బండకు సున్నం పూసింది. దాని మీద పసుపు, బొట్లు. ఆముదం పోసి దీపం పెట్టి, కర్పూరం వెలిగించింది. పక్క చేనులో కలుపు తీస్తున్న బాలనాగమ్మను కేకేసింది.

"రాత్రి జములమ్మ తల్లి కలలకొచ్చిందక్కా. నీ చేండ్లనే ఉంట అన్నది."

పుట్టి బుద్ధెరిగాక హన్మమ్మ ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టి వణికిపోయింది. బాలనాగమ్మ ఆ వణుకు చూసి పూనకమనుకుని అక్కడికక్కడే సాగిలపడింది.

ఇక ఆపడం ఎవరి తరం? మంగళవారం వచ్చిందంటే బోనాలు, కోళ్ళు, కొబ్బరికాయలు. ఎవరి బిడ్డకో జ్వరం తగ్గింది, ఎవరి బర్రో ఈనింది, పేరంతా అమ్మదే. వచ్చేపోయే కాళ్ళ కింద ఆముదం చెట్లు సాళ్ళకు సాళ్ళు నలిగిపోయాయి. హన్మమ్మ మాత్రం బండకేసి సూటిగా చూడలేకపోయేది. పక్కచూపులు చూస్తూ దండం పెట్టుకునేది.

అలాంటి ఒక మంగళవారం పొద్దున, జనం ఇంకా రాకముందే, చేను పక్కన జీపు ఆగింది. భుజాన సంచి, చేతిలో చిన్న సుత్తెతో ఒక పిల్ల దిగింది. వనపర్తి పిల్లేనట, పేరు శ్రీవాణి, హైదరాబాదులో రాళ్ళ శాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. బండను చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"అమ్మా, ఇక్కడ నేనొక గుర్తు పెట్టిన. ఏమైంది?"

"నువ్వు పెట్టినవా? కాలువోల్లు కాదా?"

"కాలువతోని నాకేం పని? రాయి కోసం పెట్టుకున్న."

హన్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే గట్టు మీద కూలబడి, పెట్టిన పసుపు సంగతంతా చెప్పేసింది. శ్రీవాణి నవ్వలేదు. పక్కన కూర్చుని రాయి సంగతి చెప్పింది. ఇప్పటికి సుమారు రెండువందల డెబ్బై కోట్ల ఏళ్ళ కింద ఈ చోట సముద్రం ఉండేదని, దాని అడుగున భూమి పగిలి కరిగిన రాయి ఎగదన్నిందని, నీళ్ళు తగిలి గడ్డకడుతూ ఇలా మెత్తల్లాగా ఉబ్బిందని.

"మనుషులు లేరు, చెట్టు లేదు, చేప లేదు. కంటికి ఆనని జీవాలు మాత్రం నీళ్ళల్ల ఉండె. అవి ఇట్లాంటి రాళ్ళ అంచులను తొలుసుకుంట బతికినయని కొందరు అంటరు. వేరే దేశంల అట్లాంటి గీతలు దొరికినయి. కాదనేటోళ్ళు కూడ ఉన్నరు. మన దగ్గర ఉన్నయా లేవా అని నేను వెతుకుతున్న."

"ఈ ఒక్క బండనే ఎందుకు బిడ్డా? గిన్ని ఉన్నయి గద."

"మిగతావాటి అంచులు ఎండకు, వానకు అరిగిపోయినయి. ఇదొక్కటే మిగిలింది. ఇప్పుడు దీనికి నూనె, మసి పట్టింది. ఆ పెచ్చు కొట్టి లోపలిది తీస్తేనే పనికొస్తది." బండ పక్కన నెర్రె విచ్చిన ఒక అంచును చూపించింది.

అమ్మను కొట్టడమా! హన్మమ్మ లెంపలేసుకుంది. అంతలోనే బాటన డప్పు వినిపించింది. ముందు ఊరి పెద్దమనిషి రామన్న, వెనుక బాలనాగమ్మ, ఆడవాళ్ళు, బోనాలు. రామన్న చేతిలో కొలతాడు ఉంది. వస్తూనే దాని కొస, డప్పు వెంట బీడీ కాలుస్తూ వచ్చిన మొగులయ్యకు అందించాడు.

"అమ్మకు గుడి కట్టాలని ఊరంత అనుకున్నం హన్మమ్మా. బాట కావాలె, జాతరకు బండ్లు ఆగాలె. ఎకరన్నర సరిపోతది. అడిగితే నువ్వు కాదనవని తెలుసు."

మొగులయ్య నోట్లో బీడీ కింద పడింది. హన్మమ్మ కళ్ళకు చెలక గిర్రున తిరిగింది. కాలువ తింటుందేమోనన్న చేనును తను పూసిన పసుపే తింటోంది. ఆమెకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి, రెండూ తన మీదే.

"అమ్మ రాలే రామన్నా! కల లేదు, ఏం లేదు. కాలువ వస్తదని భయపడి నేనే పసుపు పూసిన. నా చేను నాకుండనియ్యుండ్రి!"

డప్పు ఆగింది. రామన్న చిరునవ్వు నవ్వాడు. బాలనాగమ్మ వచ్చి ప్రేమగా ఆమె చేయి పట్టుకుంది.

"నీకేం తెలుసు పిచ్చిదానా? ఆ అబద్ధం నీతోని ఆడించింది గూడ అమ్మనే."

అందరూ తలలూపారు. తాడు మళ్ళీ సాగింది. రామన్న ఆముదం సాళ్ళ మీదుగా అడుగులు వేస్తున్నాడు. హన్మమ్మ పక్కనే ఉన్న శ్రీవాణి చేతిలోని సుత్తె లాక్కుంది.

"హన్మమ్మా, వద్దే!" అని బాలనాగమ్మ అరుస్తూనే ఉంది. హన్మమ్మ కళ్ళు మూసుకుని నెర్రె విచ్చిన చోట కొట్టింది. రెండో దెబ్బకు పసుపు పెచ్చు లేచి, దాని కింది నుంచి గుప్పెడంత రాయి ఊడి పడింది. లోపల కటిక నలుపు.

ఎవరూ కదల్లేదు. హన్మమ్మ నెత్తురు కక్కుకుని పడుతుందని అందరూ చూస్తున్నారు. ఆమె కూడా అదే చూస్తోంది. మొగులయ్య తాడు కొస వదిలేసి వచ్చి, పడితే పట్టుకుందామన్నట్టు ఆమె వెనక నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఆమె పడలేదు. రామన్న మెల్లగా తాడు చుట్టుకున్నాడు. దెబ్బతిన్న బండకు గుడి కట్టరు. ఒక్కొక్కరే బోనాలెత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. బాలనాగమ్మ అయితే ఆమె నీడ తగలకుండా తప్పుకుని నడిచింది.

చేను మిగిలింది. ఇక ఊళ్ళో ఎవరూ ఆ చేనులో కూలికి అడుగుపెట్టరని హన్మమ్మకు అప్పుడే అర్థమైంది.

చేతి జిడ్డు అంటకూడదని శ్రీవాణి ఆ రాయిని ముట్టకుండా గుడ్డసంచిలోకి తోసింది. హన్మమ్మ సంచి దగ్గరికి వంగి, ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, దీంట్ల నిజంగ జీవముండెనా?"

"ఉండొచ్చమ్మా. చూస్తే గాని చెప్పలేను."

"ఉంటే మాత్రం, తప్పయిందని నా మాటగ చెప్పు తల్లీ."