అమ్మ కంటిమందుతో నా పెళ్లిచూపులు

పెళ్లిచూపులకు వెళ్లి పిల్లను చూడకుండా తిరిగొచ్చిన మొగవాడు మా ఇబ్రహీంపట్నం మొత్తానికి నేనొక్కణ్ణే. పైగా ఆ పిల్ల నా ఎదురుగానే నిలబడింది. ఇంతటి ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను, సర్దుకుని కూర్చోండి.

పోలీసు చర్య ముగిసిన కొత్త రోజులు. రజాకార్ల భయంతో అన్నాళ్లూ పట్నం దారి తొక్కలేదు. ఈలోగా మా అమ్మ కళ్లలో శుక్లాలు ముదిరి, మనిషిని గొంతును బట్టి పోల్చుకునే దాకా వచ్చింది. దారులు తెరుచుకోగానే కంటి దవాఖానకు తీసుకువెళ్లాను. డాక్టరు చిన్న సీసా ఇచ్చి, ఆపరేషను దగ్గర పడ్డాక పూటకో చుక్క వేయమన్నాడు. కంటిపాప కిటికీ లాంటిదట, శుక్లం దాని వెనక ఉంటుందట, ఈ మందుతో కిటికీ బార్లా తెరుచుకుంటేనే ఆయన చేతికి అందుతుందట.

నేను సగమే విన్నాను. నా చూపంతా పక్క బెంచీ మీద పరీక్ష కోసం అదే మందు వేయించుకుని కూర్చున్న ఒక పడుచువాడి మీద ఉంది. వాడి కళ్లు నేరేడుపండ్లలా నిగనిగలాడుతున్నాయి. నా కళ్లా, ఆవగింజలు. ఆ వారంలోనే మంచాల అనే ఊళ్లో నాకు పెళ్లిచూపులు. మిగతాది మీరు ఊహించే ఉంటారు. బయల్దేరే పొద్దున అమ్మకు ఒక చుక్క వేసి, నా రెండు కళ్లలోనూ సీసా వంచుకున్నాను.

బండి ఊరు దాటేసరికి ఎండ సూదులై గుచ్చడం మొదలుపెట్టింది. తువ్వాలుతో మొహం కప్పుకుని కూర్చున్నాను. దారిలో మిలిటరీవాళ్లు బండి ఆపారు. తుపాకులు పట్టిన సంఘం దళాల కోసం వాళ్లు పొదపొదా గాలిస్తున్న రోజులవి. మొహం దాచుకున్నవాణ్ణి ఊరికే వదులుతారా? తుపాకీ నా రొమ్ముకు ఆనింది. మా మేనమామ తనకొచ్చిన ఉర్దూలో, పెళ్లికొడుకు, సిగ్గుపడుతున్నాడు అని బతిమాలాడు. జవాను తువ్వాలు లాగి చూశాడు. నా కళ్ల వెంట నీళ్లు ధార కడుతున్నాయి. పెళ్లికి ఇంతగా ఏడ్చే మొగవాణ్ణి అంతకుముందు చూడలేదేమో, జాలిగా భుజం తట్టి పంపించాడు.

మంచాలలో పిల్ల పేరు అండాలు అన్నారు. గడప దగ్గర ఉన్నంతసేపూ వెనక నుంచి పడే వెలుగు ఆమెను మింగేసింది. మంచినీళ్ల చెంబుతో దగ్గరికొస్తే మసక మింగేసింది. ఆ మందుకు దగ్గరి వస్తువులన్నీ అలికినట్టవుతాయని నేను వినని ఆ సగంలో డాక్టరు చెప్పే ఉంటాడు.

అంతలో ఆమె తండ్రి, అల్లుడు చదువుకున్నవాడని మురిసిపోతూ, పట్నం నుంచి వచ్చిన పేపరు నా చేతిలో పెట్టి చదవమన్నాడు. వార్తల కోసం ఊరు ఊరంతా మొహం వాచి ఉంది. అరుగు నిండా జనం. అక్షరాలన్నీ చీమల బారులై పాకుతున్నాయి. చదవలేనని చెబితే పరువు పోదూ? గొంతు సవరించుకుని, సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం రద్దయిందని చదివేశాను. జనం పొంగిపోయారు. ఊపు మీద శిస్తు కూడా మాఫీ చేశాను. పిల్ల తండ్రి డప్పు చాటింపు వేయించడానికి లేచాడు.

అప్పుడు అండాలు నా చేతిలోని పేపరు తీసుకుంది. ఆమె వాళ్ల అన్న దగ్గర చదువు నేర్చుకుందని నాకెవరూ చెప్పలేదు.

"బాపూ, ఆగు. గిది తలనూనె ప్రకటన."

ఆమె నా మొహంలోకి వంగి చూసినట్టుంది.

"కండ్లల్ల ఏమేసుకున్నవ్?"

"మా అమ్మ మందు."

"ఎందుకు?"

"మంచిగ కనవడాలని."

తండ్రి ఏమంటాడోనని అటు తిరిగాను. అండాలు మాత్రం నెమ్మదిగా అడిగింది. "మరి మీ అమ్మకు మందు మిగిలిందా?"

సీసా అడుగున రెండు చుక్కలైనా ఉన్నాయో లేదో. అప్పటికప్పుడు బండి కట్టించుకుని ఇల్లు చేరాను. సీసా ఖాళీ. మరునాడు అమ్మతో దవాఖానకు పోతే డాక్టరు మా ఇద్దరి కళ్లూ చూసి, ఆపరేషను ఎవరికని అడిగాడు. తిట్టాల్సినవన్నీ తిట్టి, తానే అమ్మకు మందు వేయించి, అనుకున్న రోజుకే శుక్లం తీశాడు.

కట్టు విప్పి లావుపాటి అద్దాలు పెట్టగానే అమ్మ అన్న మొదటి మాట, "నువ్వెట్లయినా చూడలే గద. నేను పోయి చూసొస్త." చూసి, నచ్చి, అంత జరిగాక కూడా నన్ను చేసుకుంటావా అని ఆ పిల్లనే అడిగిందట. అండాలు తల వంచుకుని, "కండ్లు మస్తుగున్నయ్ అత్తా" అందట.

ఆ మాట విన్న క్షణమే దేవుడి పటం ముందు నిలబడి ఒట్టేసుకున్నాను. డాక్టరు నాకని ఇవ్వని చుక్క ఇక ఈ జన్మలో నా కంట్లో పడదు. ఆ నేరేడుపండ్లు వారం పది రోజుల్లోనే మళ్లీ ఆవగింజలయ్యాయన్న సంగతి మాత్రం పాపం, ఆమెకు తలంబ్రాలప్పుడు గానీ తెలియలేదు.