బాబాయి మూసిన లాకు తలుపు

మా బాబాయికి కాలు ఒకచోట నిలవదు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కాలువ మీద లాకు కాపలా! వచ్చిన పడవని లోపలికి రానిచ్చి, వెనక తలుపులు మూసి, నీటిమట్టం సరిచేసి, ముందు తలుపులు తెరవడం. లాకు గదిలో ఒక స్టూలు ఉండేది గానీ, ఆయన దాని మీద కూర్చోగా చూసినవాళ్లు లేరు. ఎన్ని పడవలనో కాలువ చివర ఉన్న సరస్సుకి సాగనంపాడు. తను మాత్రం ఆ సరస్సు చూడలేదు. తలుపులు మూసేవాడే వెళ్లిపోతే ఎలా?

పెరట్లో ఒక పాత తెరచాప పడవ బోర్లించి ఏళ్లతరబడి బాగుచేశాడు. భోజనం దగ్గరా అదే గోల. ఉప్పు డబ్బా పడవ, గరిటె గాలి. ఎదురుగాలిలో మెలికలు తిరుగుతూ ఎలా రావాలో బల్లంతా జరిపి చూపించేవాడు. పిన్నికేమో నీళ్లంటే చచ్చేంత భయం. ఆయన ఉద్యోగం దిగిపోయాక విసిగిపోయి తేల్చేసింది.

"ఒక్కసారి ఎక్కుతాను. నాకు భయమేసిందా, దాన్ని ఎవరికైనా ఇచ్చేయాలి. సరేనా?"

సరే అన్నాడే గానీ, ఆ రోజు నుంచి ఆయనకి ముద్ద దిగలేదు.

సాక్షిగా నన్నూ ఎక్కించారు. వంతెన వచ్చినప్పుడల్లా తెరచాప కొయ్య దించడం, దాటగానే ఎత్తడం. మధ్యలో లేవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం.

"అబ్బబ్బ, కాస్త కుదురుగా ఉండండి! పడవకంటే మీరే ఎక్కువ ఊగుతున్నారు," అంది పిన్ని, కూర్చున్న పడవ బల్లని రెండు చేతులా పట్టుకుని.

ఆఖరి లాకు దాటాం. ఎదురుగా సరస్సు. వెనకనుంచి గాలి తెరచాపని నింపింది. సరిగ్గా అప్పుడే బాబాయి వెనక్కి చూశాడు. లాకు తలుపులు తెరిచే ఉన్నాయి. అక్కడి కాపలాదారు వాటివైపే నడిచి వస్తున్నాడు, అది అతని పని. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా! చుక్కాని వదిలేసి, గట్టు మీదికి ఒక్క గెంతు గెంతి, తలుపు చక్రం తిప్పడం మొదలుపెట్టాడు.

పడవని తాడుతో గట్టుకి కట్టలేదు మహానుభావుడు! తలుపులు మూసి తలెత్తేసరికి మేం సరస్సులో ఉన్నాం.

నా పైప్రాణాలు పైనే పోయాయి. పిన్ని మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి చుక్కాని పట్టుకుంది. బాబాయి గట్టు వెంట పరిగెడుతున్నాడు.

"గాలికి ఎదురు రాకే! అడ్డంగా తిప్పు, అడ్డంగా!"

"అరవకండి! ఇన్నేళ్లూ ఉప్పు డబ్బాతో చూపించిందేగా!" అని, నావైపు తిరిగి, "నోరు మూసుకుని ఆ తెరచాప తాడు లాగవే," అంది.

లాగాను. ఒకసారి ఆ ఒడ్డు వైపు, ఒకసారి ఈ ఒడ్డు వైపు, మెలికలు తిరుగుతూ వచ్చాం. పిన్ని పెదవులు పాలిపోయాయి.

బాబాయి మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు, కదలకుండా. పడవ అంచు పట్టుకున్నాడే గానీ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"హడలిపోయావు. మాట మాటే. రేపే ఇచ్చేస్తాను," అన్నాడు. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది.

పిన్ని చేతులు ఇంకా గజగజ వణుకుతున్నాయి. వాటిని ఒళ్లో దాచుకుంది.

"ఎవరు హడలిపోయింది? ఎక్కండి. తాడు మాత్రం ఇకనుంచి నేనే కడతాను."