ఎడమది పలికినాదా?

మా స్కానింగ్ సార్ పోయారని మెసేజి వచ్చేసరికి నా చేతిలో ప్రోబు, దాని కింద ఎవరిదో నిండు మూత్రసంచి. ఆ పని మధ్యలో ఏడవకూడదు, చెయ్యి జారుతుంది. ఏడవలేదు.

తిరుపతిలో నాకు ఒంట్లో పారేదాన్ని రంగుల్లో చూపే డాప్లర్ స్కాను నేర్పింది ఆయనే. జెల్ చల్లగా తగిలితే రోగి ఉలిక్కిపడతాడని సీసాను చంకలో పెట్టుకుని తిరిగేవారు. బాగా నీళ్లు తాగించి చూస్తే, కిడ్నీ నుంచి మూత్రం సంచిలోకి చిమ్మినప్పుడల్లా తెరమీద ఎర్రటి మెరుపు లేస్తుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. దారిలో ఏదైనా అడ్డుపడితే ఆ వైపు మెరుపు రాదు. సార్ దీన్ని హాజరు తీసుకోవడం అనేవారు. రెండూ పలికేదాకా స్టూలు దిగేవారు కాదు.

నాకేమో కాలేజీలో రాని సగం క్లాసుకు ప్రాక్సీ పలికిన ఘన చరిత్ర ఉంది. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె నడుంనొప్పితో వచ్చింది. ఆమెకు షిఫ్టు బస్సు తొందర, నాకు టీ తొందర. కుడి మెరుపు కనబడగానే రెండూ పలికాయని రాసేశాను. సార్ కాగితం చూశారు, తర్వాత నన్ను చూశారు.

"కిడ్నీకి గూడా ప్రాక్సీ ఏసినావా అప్పా?"

గేటు దాకా పరిగెత్తి ఆమెను వెనక్కి పిలిచాను. మళ్లీ నీళ్లు తాగించి పావుగంట చూసినా ఎడమది పలకలేదు. కింద మూత్రనాళంలో రాయి ఇరుక్కుంది. వేళకు తీశారు కాబట్టి కిడ్నీ దక్కింది. సార్ తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

పోయిన నెల ఆ బల్లమీద ఆయనే పడుకున్నారు. కడుపులో గడ్డ పెరిగి కుడివైపు నాళం ఎప్పుడో మూసుకుపోయింది. మూత్రం బయటికి తీసే గొట్టాలు వద్దని ఆయన ముందే తేల్చేశారు. ఇక ఎడమది పలికితేనే గడ్డకు మందు ఎక్కిస్తామన్నారు డాక్టర్లు. ఎన్ని నీళ్లు తాగినా సంచి సగమే నిండింది. ఎడమ కిడ్నీలో రక్తం దారి దొరక్క తోసుకుంటూ పోయే చప్పుడు స్పీకర్లో వినిపిస్తోంది. మా ఇద్దరికీ ఆ చప్పుడు అర్థమవుతుంది.

"ఎడమది పలికినాదా?" అని అడిగారు.

"పలికింది సార్."

ఆయన కళ్లు తెరవలేదు. "నాకు గూడా ప్రాక్సీనా? రాలేదని రాయి నాయనా."

రాశాను.

ఆ స్కాను వీడియో ఇంకా మిషన్లోనే ఉంది. పాతవి చెరిపేయమంటావా అని మిషన్ అడిగినప్పుడల్లా వద్దని నొక్కుతాను. గదిలో ఎవరూ లేనప్పుడు తెరిచి చూస్తాను. తెరంతా నలుపు, ఎక్కడా ఎరుపు లేదు. ఆ నలుపు మాత్రం మెల్లగా పైకి లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. సార్ ఊపిరి తీస్తున్నారు.